‘రెండు పెగ్గులే కదా’ అంటారు మావారు... అదే రోడ్డు మీద మా అబ్బాయి సైకిల్!

ప్రశ్న: నా వయసు 41. మాది మెయిన్ రోడ్డుకు బాగా లోపలికి ఉండే పల్లె. మావారు వారంలో మూడు నాలుగు రోజులు పని అయ్యాక స్నేహితులతో కూర్చుని తాగి, 12 కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వస్తారు. ‘రెండు పెగ్గులకు నాకేం కాదు. ఇరవై ఏళ్లుగా నడుపుతున్నా. రోడ్డు కూడా ఖాళీయే’ అంటారు. కాఫీ తాగి, మొహం కడుక్కునే బయలుదేరతానని చెబుతారు. అదే రోడ్డు మీద పదహారేళ్ల మా అబ్బాయి రాత్రి ఎనిమిదిన్నరకు ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తాడు. ఐదు వారాల కిందట వెనక నుంచి వచ్చిన కారు ఒకటి వాడి హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. వాడు పక్కనున్న గుంతలో పడ్డాడు. కారు ఆగలేదు. మోచెయ్యి దోక్కుపోయింది, తల వెనక బొప్పి కట్టింది. ఆ రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పొద్దున్నకు తగ్గిందని ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. ఇప్పుడు పుస్తకం పట్టుకుంటే తలనొప్పి అంటున్నాడు. వెలుతురు భరించలేకపోతున్నాడు. ఊరికే విసుక్కుంటున్నాడు. సైకిల్ మాన్పించాలా? మావారికి ఎలా చెప్పాలి? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు బాబు సంగతి చూద్దామమ్మా. తలకు దెబ్బ తగిలిన రాత్రే రెండుసార్లు వాంతి అయిందంటే, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి. అయిపోయినదానికి మిమ్మల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లవాడు లేచి నడిచి ఇంటికి వస్తే ఏ తల్లయినా హమ్మయ్య అనే అనుకుంటుంది. కానీ మీరు రాసిన లక్షణాలు, అంటే చదివితే తలనొప్పి, వెలుతురు పడకపోవడం, విసుగు, ఇవన్నీ కంకషన్ తర్వాత కనిపించేవే. తల గట్టిగా అదిరినప్పుడు పుర్రె పగలకపోయినా, స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా, లోపల మెదడు పనితీరు కొన్నాళ్లు దెబ్బతింటుంది. చాలామంది పిల్లలకు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. మీ వాడికి ఐదు వారాలు దాటింది కాబట్టి ఈ వారంలోనే న్యూరాలజిస్టుకు గానీ, పిల్లల డాక్టర్‌కు గానీ చూపించండి. వాళ్లు సరేననే దాకా సైకిల్, ఆటలు వద్దు. మొదటి దెబ్బ మానకముందే తలకు ఇంకో దెబ్బ తగిలితే అది చాలా ప్రమాదం. చదువు పూర్తిగా ఆపనక్కర్లేదు. పావుగంట చదివి కాసేపు కళ్లు మూసుకోమనండి. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, మళ్లీ వాంతులైనా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మగతగా పడిపోతున్నా, ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నేను క్యాజువాలిటీలో డ్యూటీ చేసే రోజుల్లో ఒక రాత్రి సైకిల్ మీద వెళ్తున్న మనిషిని కారు గుద్దిందని తీసుకొచ్చారు. యాభై ఏళ్లుంటాయి. ఒక కాలికి చెప్పు లేదు, చొక్కా అంతా మట్టి. మాతో చక్కగా మాట్లాడాడు. ‘నా సైకిల్ ఎవరైనా తెచ్చారా’ అని మూడుసార్లు అడిగాడు. దెబ్బలు పెద్దగా లేవు, ఇంటికి పోతానన్నాడు. ఉండమని పక్కన పడుకోబెట్టాం. ముప్పావు గంట తర్వాత నర్సు పిలిచినా పలకలేదు. టార్చి వేసి చూస్తే ఒక కంటి పాప పెద్దదైపోయి ఉంది. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తనాళం తెగి, రక్తం గడ్డకట్టి మెదడును నొక్కేస్తోంది. ఇలాంటి గాయంలో మధ్యలో కాసేపు మనిషి మామూలుగానే ఉంటాడు, ఆ కాసేపే అందరినీ మోసం చేస్తుంది. వెంటనే ఆపరేషన్ చేయబట్టి బతికాడు. అతను ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ రాత్రి బయట బెంచీ మీద ఇంకో మనిషి కూర్చున్నాడు. కారు నడిపినవాడు. పారిపోకుండా, గుద్దిన మనిషిని తనే ఆసుపత్రికి తెచ్చాడు. నోట్లోంచి వాసన వస్తోంది. తల రెండు చేతుల్లో పెట్టుకుని, ఎవరు కనిపిస్తే వాళ్లతో ‘కనబడలేదు సార్, నిజంగా కనబడలేదు’ అంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తాగి నడిపి పైగా సాకులా అనుకున్నాను. అతను నిజమే చెప్పాడని చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు.

మందు మనిషిని తూలేలా చేయకముందే చూపును మారుస్తుంది. మామూలుగా రాత్రి నడిపేటప్పుడు మన కళ్లు ఒకచోట నిలవవు. ముందుకు, రోడ్డు అంచుకు, అద్దంలోకి, మళ్లీ ముందుకు తిరుగుతూనే ఉంటాయి. తాగినప్పుడు ఈ తిరుగుడు తగ్గిపోయి చూపు ముందు నడిమధ్యన అతుక్కుంటుంది. సైకిల్ ఉండేదేమో అంచున. ఎదురుగా లైట్లు వేసుకుని బండి వచ్చిందనుకోండి, ఆ వెలుగుకు చెదిరిన కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి మామూలుకంటే ఎక్కువసేపు పడుతుంది. ఆ కాస్త సమయంలో ముందు సైకిల్ ఉన్నా లేనట్టే. వీటికన్నా ముందే పోయేది ఇంకొకటుంది. ‘నేను నడపగలనా’ అని తూకం వేసుకునే తెలివి. మెదడు ముందు భాగం చేసే ఆ పని మీద మందు ప్రభావం అన్నిటికన్నా ముందు పడుతుంది. అందుకని ‘నాకేం కాదు’ అన్న మాటను నేను భరోసాగా తీసుకోలేను. డాక్టర్‌గా నాకది లక్షణంలా వినిపిస్తుంది. మీవారు మీతో అబద్ధం చెప్పడం లేదు. ఆ క్షణంలో ఆయనకు నిజంగానే బాగున్నట్టు అనిపిస్తుంది.

ఇక ఖాళీ రోడ్డు అంటున్నారు కదా, ఒక లెక్క చెబుతాను. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ముందు పోయే సైకిల్ వేగం సెకనుకు 4 మీటర్లు. అంటే కారు సైకిల్‌ను సెకనుకు 18 మీటర్ల చొప్పున సమీపిస్తుంది. డిమ్ లైట్లో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి సుమారు 50 మీటర్ల దూరానికి వస్తే గానీ తెలియడు. తాగనివాడు చూసి, గ్రహించి, బ్రేక్ మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే సరిగ్గా సైకిల్ వెనక చక్రం దాకా వచ్చేసరికి కారు వేగం సైకిల్ వేగానికి తగ్గుతుంది. చూశారా, తాగనివాడికే ఎంత బొటాబొటీగా ఉందో! దీనికి మందు వల్ల ఒక్క అర సెకను ఆలస్యం కలపండి. అప్పుడు కారు సైకిల్‌ను దానికంటే దాదాపు 40 కిలోమీటర్ల ఎక్కువ వేగంతో గుద్దుతుంది. ఇంత తేడా తెచ్చింది అర సెకను మాత్రమే. రోడ్డు ఖాళీగా ఉందంటే వేగం పెరుగుతుంది, వీధి దీపాలుండవు, తప్పుకోవడానికి రోడ్డు పక్కన చోటుండదు, మలుపు అవతల ఏముందో తెలియదు. గుద్దితే చూసేవాళ్లూ ఉండరు, అంబులెన్స్ రావడానికీ సమయం పడుతుంది. మీ బాబు పడ్డ గుంతలో స్పృహ తప్పి ఉంటే ఎవరికి తెలిసేది?

రెండు పెగ్గుల సంగతికొద్దాం. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. రెండంటే 40 గ్రాములు. 70 కిలోల మగమనిషికి తాగిన గంట తర్వాత 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇది 60 నుంచి 70 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. డ్రైవర్లకు చట్టం పెట్టిన హద్దు జర్మనీ, ఫ్రాన్స్‌లలో 50, భారత్‌లో 30, నార్వే, స్వీడన్‌లలో 20. రక్తంలో ఆల్కహాల్‌కు హద్దు పెడుతూ 1936లోనే చట్టం తెచ్చిన దేశం నార్వే. మొదట 50గా ఉన్న ఆ హద్దును తర్వాత 20కి దించుకున్నారు, పెంచుకోలేదు. లివర్ గంటకు ఇంత అని ఒకే వేగంతో ఆల్కహాల్‌ను ఖర్చు చేస్తుంది. రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు తగ్గుతుంది. కాఫీకి ఆ వేగం పెరగదు. చన్నీళ్లకు పెరగదు. వాంతి చేసుకున్నా అప్పటికే రక్తంలో కలిసింది తగ్గదు. కాఫీ తాగితే నిద్రమత్తు కాస్త పోయి, తేరుకున్నానన్న నమ్మకం మాత్రం పెరుగుతుంది. అది ఇంకా చేటు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. చివరి గుక్క తాగాక కూడా అరగంట నుంచి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉంటుంది. మీవారు లేచి కారు తాళం తిప్పేటప్పుడు కాస్త బాగానే ఉండొచ్చు. పన్నెండు కిలోమీటర్ల దారి మధ్యలో మత్తు పైకి ఎక్కుతుంటుంది. బాగా తాగిన రాత్రి తర్వాత పొద్దున్న కూడా జాగ్రత్తగా ఉండాలి. రాత్రి 12కు 100 మిల్లీలీటర్ల రక్తంలో 150 మిల్లీగ్రాములు ఉంటే, ఉదయం 7కు ఇంకా 45 దాకా మిగిలి ఉంటుంది. జలుబుకో అలర్జీకో మగత తెచ్చే మాత్ర వేసుకుని ఉంటే ఒక్క పెగ్గుకే రెండింటి మత్తూ కలిసి కళ్లు మూతలు పడతాయి.

ఎలా చెప్పాలని అడిగారు. తాగి వచ్చిన రాత్రి మాత్రం మాట్లాడకండి. తూకం వేసే తెలివే అప్పుడు లేదని చెప్పుకున్నాం కదా, గొడవ అవుతుంది తప్ప ఏమీ మిగలదు. తాగని రోజు ఒక పని చేయండి. చీకటి పడ్డాక బండ్లు తిరగని ఖాళీ స్థలంలో కారు ఆపి, ఆయన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి డిమ్ లైట్లు వేయమనండి. బాబు రోజూ ట్యూషన్‌కు వేసుకెళ్లే బట్టల్లో సైకిల్ పట్టుకుని, కారుకు వీపు పెట్టి, వంద అడుగుల దూరంలో నిలబడాలి. అక్కడి నుంచి మెల్లగా దూరంగా నడుస్తూ పోవాలి. ఎంత దూరంలో కొడుకు కనబడటం మానేశాడో ఆయన్నే చెప్పమనండి. ఆయన తాగలేదు, కారు కదలడం లేదు, అక్కడ కొడుకున్నాడని ముందే తెలుసు. ఇన్ని ఉండి కూడా ఆ దూరం ఎంత తక్కువో చూసినప్పుడు మీరు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు. తర్వాత ఒక ఏర్పాటు అడగండి: తాగే ఆలోచన ఉన్న రోజు కారు ఇంటి దగ్గరే ఉండాలి. కుదరకపోతే మొదటి గ్లాసు ముట్టకముందే తాళాలు తాగని మనిషి చేతిలో పెట్టాలి. మొదటి గ్లాసు తర్వాత చేసే నిర్ణయాల మీద నాకు నమ్మకం లేదు.

వారానికి మూడు నాలుగు రోజులంటే అలవాటు ఎంత దూరం పోయిందో కూడా చూడాలి. తగ్గించుకోవాలనుకుని తగ్గించలేకపోతున్నారా? ఎవరైనా ఆ మాటెత్తితే కోపమొస్తోందా? తాగినందుకు తర్వాత బాధపడుతున్నారా? పొద్దున్నే ఒక గుక్క పడితే గానీ చేతులు నిలవడం లేదా? వీటిలో రెండింటికి అవునని జవాబొస్తే డాక్టర్‌ను కలవాలి. అలవాటు తగ్గించే మందులున్నాయి, అవి కొందరికి బాగా పనిచేస్తాయి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లయితే ఒక్కసారిగా సొంతంగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్ రావొచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి.

సైకిల్ మాన్పించాలా అంటే, దెబ్బ మానాక మాన్పించవద్దనే చెబుతాను. తప్పు సైకిల్‌ది కాదు, బాబుదీ కాదు. అయినా తాగి నడిపేవాళ్లంతా రేపటికల్లా మారరు కాబట్టి వాడు కనబడేలా చేద్దాం. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు తప్పనిసరి. చీలమండలకు మెరిసే రిఫ్లెక్టివ్ పట్టీలు కట్టండి. తొక్కుతున్నప్పుడు కాళ్లు పైకీ కిందికీ ఆడటం చూసి, అక్కడ మనిషి ఉన్నాడని డ్రైవర్ మెదడు త్వరగా గుర్తుపడుతుంది. వీపు మీది పట్టీ కన్నా ఇది బాగా పనిచేస్తుంది. ఫ్లోరోసెంట్ రంగు చొక్కా పగలు మంచిదే, రాత్రి దానివల్ల ఉపయోగం లేదు. ఆ రంగు మెరవాలంటే పగటి వెలుగు కావాలి. ఎదురు దిశలో తొక్కకూడదు. ఇయర్‌ఫోన్లు వద్దు. వెనక నుంచి వచ్చే బండి లైట్లు అటూ ఇటూ ఊగుతున్నట్టు అనిపిస్తే మొహమాటపడకుండా సైకిల్ దిగి రోడ్డుకు పూర్తిగా పక్కకు జరిగి నిలబడమనండి. హెల్మెట్ పెడితే తలకు తీవ్రమైన గాయమయ్యే ముప్పు సగానికి పైగా తగ్గుతుంది. పడినరోజు హెల్మెట్ పెట్టుకుని ఉంటే ఆ హెల్మెట్ ఇక వాడకండి. లోపలి నురుగు ఒకసారి నలిగితే రెండోసారి కాపాడదు.

ఎప్పుడైనా ఎవరైనా అలా పడి ఉండటం చూస్తే లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. వెనక వచ్చే బండ్లు ఆగేలా లైట్లు చూపించి అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. రక్తం కారుతున్నచోట గుడ్డతో అదిమి పట్టుకోండి. మెడ కదలనివ్వకండి. ఊపిరి ఆడటం లేదంటే తప్ప హెల్మెట్ తీయకండి. పడిన మనిషి దగ్గర మందు వాసన వచ్చినా మత్తుతో పడుకున్నాడని వదిలేయకండి. ఆ మగత తలలోని రక్తం వల్ల కూడా కావొచ్చు. స్కాన్ తీస్తే గానీ మాకే తెలియదు.

బాబును చూపించడానికి వెళ్లేటప్పుడు మీవారిని వెంట తీసుకెళ్లండి. దెబ్బ తగిలిన తేదీ, వాంతులు ఎన్నిసార్లు అయ్యాయి, తలనొప్పి ఏ వేళ మొదలవుతోంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ‘ఎలా పడ్డాడు’ అని డాక్టర్ తప్పకుండా అడుగుతారు. ఆ జవాబు బాబు నోటి నుంచే, నాన్న పక్కనుండగా రానివ్వండి.