టెక్ సందేహాలు: గుట్ట ఎక్కేటప్పుడు వెనక షాక్‌లో గాలి ఎంతుండాలి?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను. ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెనక 130 మిల్లీమీటర్ల ట్రావెల్, స్ప్రింగు బదులు గాలితో పనిచేసే ఎయిర్ షాక్. నా బరువు 82 కిలోలు. నంది బెట్ట (నంది హిల్స్) వైపు మట్టి దారుల్లో ఎక్కుతుంటే తొక్కిన ప్రతిసారీ సీటు కిందికీ పైకీ ఊగుతోంది, ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ అటూ ఇటూ పోతోంది. గాలి గట్టిగా కొట్టేయమని ఒక ఫ్రెండ్, షాక్ కదలకుండా ఎప్పుడూ లాక్‌లోనే పెట్టి తొక్కమని ఇంకో ఫ్రెండ్. ఎవరి మాట వినాలి? ఫోన్‌లో ఏదైనా యాప్ ఉందా?

జవాబు: ఇద్దరి మాటా వినొద్దండి. గాలి మరీ గట్టిగా కొడితే ఊగడం తగ్గుతుంది నిజమే, కానీ రాళ్ల మీద వెనక చక్రం ఎగిరి ఎగిరి పడి టైరు పట్టు వదిలేస్తుంది, అప్పుడు మీరు దిగి తోసుకుంటూ ఎక్కాల్సిందే. లాక్ చేసినా మట్టి దారిలో జరిగేది అదే.

ముందు గాలి సంగతి తేల్చుకుందాం, నాబ్‌ల గొడవ తర్వాత. మీరు కూర్చోగానే మీ బరువుకి షాక్ కొంత లోపలికి దిగుతుంది, దాన్నే సాగ్ అంటారు. మీలా మట్టి దారుల్లో తొక్కే ట్రెయిల్ బైక్‌కి ఇది సాధారణంగా షాక్ స్ట్రోక్‌లో, అంటే షాక్ రాడ్ కదలగలిగే మొత్తం దూరంలో, 25 నుంచి 30 శాతం. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, ఆ శాతాన్ని మీ 130 మీద లెక్క కడతారు. 130 అనేది చక్రం కదిలే దూరం, షాక్ రాడ్ కదిలేది అందులో సగం కూడా ఉండదు. షాక్ సైజు 210, 50 అని ఉంటే రెండో అంకె స్ట్రోక్. అంటే 50 మిల్లీమీటర్లలో 30 శాతం 15, 25 శాతం 12.5. మీది వేరే సైజైతే ఆ అంకెతో ఇదే లెక్క. తేడా రెండున్నర మిల్లీమీటర్లే అయినా గుట్ట మీద బాగా తెలుస్తుంది.

షాక్ పంపు లేకపోతే ముందు అది కొనండి. టైర్ల పంపుతో ఈ పని కాదు, షాక్‌లో పట్టే గాలి చాలా తక్కువ, ఒత్తిడి చాలా ఎక్కువ, అందుకే ఈ పంపుల మీటర్లు 300 పీఎస్‌ఐ దాకా ఉంటాయి. మొదట ఎంత కొట్టాలో తెలియకపోతే ఒక మోటు లెక్క ఉంది, మీ బరువు పౌండ్లలో ఎంతో అన్ని పీఎస్‌ఐ. 82 కిలోలంటే దాదాపు 180. అది మొదలుపెట్టడానికే, అక్కడే ఆగిపోకండి, షాక్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దాటొద్దు.

గాలి కొట్టాక షాక్ మీది లాక్ లీవర్‌ని ఓపెన్‌లో, అంటే షాక్ స్వేచ్ఛగా కదిలే స్థానంలో పెట్టి, సీటు మీద రెండు చేతులూ ఆనించి షాక్‌ని ఓ పదిసార్లు నెమ్మదిగా, పావు వంతు దాకా మాత్రమే నొక్కి వదలండి. లోపల పాజిటివ్, నెగటివ్ అని రెండు గదులుంటాయి, మనం కొట్టిన గాలి ఇలా నొక్కినప్పుడే రెండో దాంట్లోకి చేరి సర్దుకుంటుంది. మీటరు కొంచెం పడిపోతుంది, మళ్లీ కొట్టండి. పంపు విప్పేటప్పుడు తుస్సుమన్న చప్పుడు వస్తే కంగారు అక్కర్లేదు, అది గొట్టంలో మిగిలిన గాలి. మళ్లీ చూద్దామని పంపు తగిలిస్తే మీటరు తక్కువ చూపిస్తుంది, గొట్టం నిండాలంటే షాక్‌లో గాలే కదా రావాలి. దీన్ని చూసి లీక్ అనుకుని సర్వీస్‌కి ఇచ్చి డబ్బులు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు, మీరు ఆ జాబితాలో చేరొద్దు.

ఇప్పుడు హెల్మెట్, బ్యాగు, నీళ్లు, షూస్ అన్నీ వేసుకుని, గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. షాక్ రాడ్ మీద ఉన్న రబ్బరు రింగుని, రాడ్ లోపలికి దూరే చోట ఉన్న సీలు దాకా జరపండి, వంగితే బరువు ముందుకు పోతుంది కాబట్టి ఇంట్లో ఎవరినైనా జరపమనండి. తర్వాత ఊగకుండా, ఎగరకుండా మెల్లగా దిగి, సీలు నుంచి రింగు ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవండి. ఎక్కువ దిగితే ఇంకొంచెం గాలి, తక్కువ దిగితే కొంత తీసేయడం, ఒక్కోసారి 5 పీఎస్‌ఐ చొప్పున. అంతే.

మీకు 30 శాతం వద్దు, 25 లేదా 26 దగ్గర పెట్టుకోండి. ఎందుకంటే ఈ కొలతంతా చదునైన నేల మీద చేసింది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు మీ బరువు వెనక చక్రం మీదికి జరుగుతుంది, షాక్ ఇంకా లోపలికి దిగుతుంది, సీటు వెనక్కి వాలుతుంది, ముందు ఫోర్క్ ఇంకా వాలుగా అయిపోతుంది. ముందు చక్రం తేలిపోతోందని మీరు రాసింది ఇదే. దీనికి ఇంకో మందు షాక్‌లో లేదు, సీటు కింద ఉంది. సీటుని పట్టాల మీద 5 నుంచి 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి, ముక్కు కొద్దిగా కిందికి వంచండి. సీటు ముందుకొస్తే పెడల్‌కి దగ్గరవుతుంది, కాబట్టి ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు పెంచుకోండి, మోకాలు నొప్పి పెడితే మళ్లీ పాత చోటికే తెచ్చేయండి.

ఇక ఊగడం. పెడల్ తొక్కినప్పుడు సైకిల్ ముందుకు దూకుతుంది, బరువు వెనక్కి పడుతుంది, షాక్ నొక్కుకుంటుంది. దీనికి ఎదురుగా చైన్ లాగుడు పనిచేసేలా వెనక లింకుల్ని డిజైన్ చేస్తారు, ఇంజనీర్లు దాన్ని యాంటీ స్క్వాట్ అంటారు. అది ఫ్రేమ్‌తో పుట్టిన గుణం, ఏ నాబ్ తిప్పినా మారదు. మీ చేతిలో ఉన్నది తొక్కే పద్ధతి. నిలబడి తొక్కితే మీ ఒళ్లే పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి ఎంత ఖరీదైన సైకిలైనా ఊగుతుంది. కూర్చుని, ఒక గేరు తేలిక చేసి, కాళ్లు గుండ్రంగా తిప్పండి. షాక్ నెమ్మదిగా నొక్కుకోవడాన్ని అడ్డుకునే లో స్పీడ్ కంప్రెషన్ అనే నీలం నాబ్ మీ షాక్‌కి ఉంటే రెండు క్లిక్కులు పెంచి చూడండి, అంతకుమించి వద్దు.

లాక్ లీవర్‌ని తారు రోడ్డుకి వాడుకోండి. నంది బెట్ట ఘాట్ రోడ్డు అంతా తారే కాబట్టి అక్కడ హాయిగా ఫర్మ్‌లో, అంటే లాక్ స్థానంలో పెట్టి ఎక్కొచ్చు, పైకి వెళ్లాక తిరిగి ఓపెన్‌లో పెట్టడం మర్చిపోకుండా ఉంటే చాలు. గట్టి మట్టి దారిలో మధ్య స్థానం, రాళ్లూ వేర్లూ ఉన్న చోట ఓపెన్. పెద్ద దెబ్బ తగిలితే లాక్‌లో ఉన్నా తెరుచుకునే వాల్వ్ చాలా షాక్‌లలో ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని గుంతల్లోకి దించడం తెలివైన పని కాదు.

ఎర్ర నాబ్ రీబౌండ్, అంటే నొక్కుకున్న షాక్ తిరిగి ఎంత వేగంగా లేవాలో చెప్పేది. దీన్ని మరీ నెమ్మది చేస్తే ఒక రాయి దాటాక షాక్ పూర్తిగా లేచేలోపే ఇంకో రాయి వస్తుంది, అలా దిగిపోతూ దిగిపోతూ మీరు పెట్టిన సాగ్ లెక్క కాస్తా తప్పిపోతుంది. మరీ వేగంగా ఉంటే సీటు మిమ్మల్ని తన్నుతుంది. ఫుట్‌పాత్ అంచు మీద నుంచి కూర్చునే కిందికి దించండి, షాక్ ఒక్కసారి లేచి ఆగిపోతే సరిపోయినట్టే, రెండు మూడు సార్లు ఊగితే ఒక్కో క్లిక్ నెమ్మది చేయండి. నాబ్‌ని కుడివైపు పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్కులు వెనక్కి వచ్చారో ఫోన్‌లో నోట్ చేసుకోండి, లేదంటే వచ్చే నెల గుర్తుండదు.

యాప్ అడిగారు కదా. షాక్ రాక్‌షాక్స్ కంపెనీదైతే ట్రెయిల్‌హెడ్ అనే వాళ్ల సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టండి, ఫాక్స్ అయితే షాక్ మీద నాలుగు అక్షరాల కోడ్ ఉంటుంది, అది వాళ్ల సైట్‌లో వెతకండి. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లకి ఇది చాలా ఉపయోగం, ఆ షాక్ అసలు ఏ మోడలో, ఏమేం నాబ్‌లు ఉండాలో తెలుస్తుంది. కానీ నా ఓటు ఫోన్ కెమెరాకే. స్లో మోషన్‌లో పెట్టి పక్క నుంచి మీరు ఎక్కుతుండగా ఎవరినైనా షాక్‌ని తీయమనండి, ఊగుతోంది సైకిలా, మీరా అన్నది పది సెకన్ల వీడియోలో బయటపడుతుంది. ఇంకో మాట, పాత యజమాని సర్వీస్ చేయించాడో లేదో అడగండి. రాక్‌షాక్స్ అయితే 50 గంటల రైడింగ్‌కి ఒకసారి ఎయిర్ క్యాన్, అంటే షాక్‌లో గాలి ఉండే డబ్బా, సర్వీస్ చేయించమంటుంది. లీవర్ ఎటు తిప్పినా తేడా తెలియకపోయినా, రాడ్ మీద నూనె జిడ్డు కనిపించినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు సర్వీస్‌కి ఇవ్వండి.

ప్రశ్న: యలహంక నుంచి. కొండ పైకి వెళ్తే గాలి ఒత్తిడి తగ్గుతుంది కదా, షాక్‌లో గాలి మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, నంది బెట్ట శిఖరం 1478. ఆ తేడాకి షాక్ మీటరులో ఒక పీఎస్‌ఐ కూడా మారదు. ఎండే ఎక్కువ మారుస్తుంది. 200 పీఎస్‌ఐ ఉన్న షాక్ పది డిగ్రీలు చల్లబడితే దాదాపు 7 పీఎస్‌ఐ పడిపోతుంది, అంటే మధ్యాహ్నం బాల్కనీ ఎండలో సెట్ చేసి తెల్లవారుజామున బయల్దేరితే సాగ్ కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. రైడ్ మొదలయ్యే చోటే ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: సస్పెన్షన్‌ని తనంతట తానే మార్చుకునే ఎలక్ట్రానిక్ సెట్‌లు వచ్చాయట. మామూలు సైకిల్‌కి బిగించొచ్చా?

జవాబు: రాక్‌షాక్స్ ఫ్లైట్ అటెండెంట్, ఫాక్స్ లైవ్ వాల్వ్ గురించి అడుగుతున్నారనుకుంటా. సెన్సర్లు దారిని చదివి షాక్‌ని తెరవడం, మూయడం చేస్తాయి, మొదటి దాంట్లో మీరు తొక్కుతున్నారా లేదా అని చూసే సెన్సర్ పెడల్ బిగించే క్రాంక్ దగ్గర కూడా ఉంటుంది. పనితనానికి వంక పెట్టలేం. కానీ ఫ్రేమ్‌కి సరిపడే సైజు షాక్ దొరకాలి, బ్యాటరీలు చార్జ్ చేసుకోవాలి, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అందులోనూ గాలి మీరే కొట్టాలి, సాగ్ మీరే చూసుకోవాలి. రేసులు ఆడని వాళ్లకి నేను చెప్పను.

ప్రశ్న: చెన్నై వేళచేరి నుంచి. మా అబ్బాయికి 14 వేలు పెట్టి డ్యూయల్ సస్పెన్షన్ సైకిల్ కొన్నాం. తొక్కితే స్ప్రింగు మంచంలా ఊగుతోంది, వాడు అలిసిపోతున్నాడు. ఏం సెట్టింగ్ మార్చాలి?

జవాబు: ఆ ధరలో వెనక ఉండేది సాధారణంగా ఉత్త స్ప్రింగే, ఊపుని ఆపే డ్యాంపర్ ఉండదు, కాబట్టి మార్చడానికి పెద్దగా సెట్టింగులు కూడా ఉండవు. స్ప్రింగు మీద తిప్పే రింగు ఉంటే రెండు మూడు చుట్లు బిగించండి, కూర్చోగానే దిగడం తగ్గుతుంది, ఊగడం మాత్రం పూర్తిగా పోదు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, చైన్‌కి నూనె వేయండి, వాడి అలసటలో కొంత అక్కడే తగ్గొచ్చు. వెనక సస్పెన్షన్‌కి పని పెట్టేంత ఎత్తుపల్లాలు చెన్నై రోడ్ల మీద ఎలాగూ తక్కువే. ఇంకా మార్చుకునే గడువు ఉంటే షాపులో మాట్లాడి వెనక స్ప్రింగు లేని సైకిల్ తీసుకోండి, అదే ధరకి ఇంకాస్త మంచి బ్రేకులు కూడా రావచ్చు.