గడువు తీరడం, కాలం చెల్లడం, కాలదోషం పట్టడం

సందేహం: మా కార్యాలయంలో తెలుగు నోటీసులు రాసేది నేనే. కటాఫ్ డేట్‌కూ, ఎక్స్‌పైరీ డేట్‌కూ ‘గడువు తేదీ’ అనే రాస్తున్నాను. చదివినవాళ్లు పొరబడుతున్నారు. గడువు తీరిన, కాలం చెల్లిన, మురిగిపోయిన, కాలదోషం పట్టిన అనే మాటలను ఒకదాని బదులు మరొకటి వాడవచ్చా?

సమాధానం: వాడకూడదు. ఒక్కొక్క మాట ఒక్కొక్కటి ముగిసిందని చెబుతుంది. కటాఫ్ డేట్ విషయంలోనైతే అసలు ముగిసేదేమీ లేదు. మీ నోటీసులతో చిక్కు అక్కడే వస్తోంది.

గడువు అంటే ఒక పని చేయడానికి ఇచ్చిన వ్యవధి. అది దాటితే ఆ పని చేసినా లెక్కలోకి రాదు. కటాఫ్ డేట్ నాడు ఎవరూ ఏ పనీ చేయనక్కర్లేదు, అది వయసో అనుభవమో లెక్కకట్టే రోజు. ఓటర్ల నమోదే చూడండి. 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఆ రోజుకు 18 ఏళ్లు నిండాయా లేదా అన్నదే ప్రశ్న. దరఖాస్తు ఇవ్వాల్సిన ఆఖరు రోజు వేరు. ‘గడువు తేదీ జులై 1’ అని రాస్తే జులై 1లోగా దరఖాస్తు ఇవ్వాలనుకోవడం చదివినవారి తప్పు కాదు. ఇలాంటి చోట తెలుగులో ‘నాటికి’ ఒక్కటి చాలు: ‘జులై 1 నాటికి 18 ఏళ్లు నిండి ఉండాలి’. ‘నిండిన’ అన్నదీ ముఖ్యమే. ‘18వ ఏట’ అంటే 17 నిండి 18 నడుస్తున్నట్టు.

మార్కుల కటాఫ్ మళ్లీ వేరు. ఈఏపీసెట్‌లో 160కి 40 మార్కులు రావాలన్నది అర్హత మార్కు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ నిబంధన లేదు. ఇది పరీక్షకు ముందే తెలుస్తుంది. కటాఫ్ సీట్లు నిండాకే తేలుతుంది. కౌన్సెలింగుకు వెళ్లే పిల్లలు ‘చివరి ర్యాంకు ఎంత’ అనే అడుగుతారు. ఆ మాటే వాడండి. కటాఫ్‌ను ‘కనీస మార్కులు’గా మారిస్తే 40 వచ్చినవాడు సీటు వచ్చినట్టే అనుకుంటాడు.

ఇక ఎక్స్‌పైరీ. లైసెన్సు, బస్సు పాసు, బీమా వంటివి మళ్లీ పొడిగించుకోగలిగినవి. వాటికి ‘గడువు తీరింది’ అనాలి. మందులకు పొడిగింపు ఉండదు కనుక ‘కాలం చెల్లిన మందులు’ అని పత్రికలు రాయడం సరైనదే. పాతబడి పనికిరాకుండా పోయిందన్న ఛాయ కూడా ఆ మాటలో ఉంది, అందుకే కాలం చెల్లిన చట్టం, కాలం చెల్లిన బస్సు అంటాం. మందు అట్ట మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరు రోజు వరకు వాడవచ్చని అర్థం. తెలుగులో ‘మార్చితో కాలం చెల్లుతుంది’ అని కాక ‘మార్చి 31 వరకు వాడవచ్చు’ అంటే తికమక ఉండదు.

ఆహార పొట్లాల మీద ‘యూజ్ బై’, ‘బెస్ట్ బిఫోర్’ రెండూ కనిపిస్తాయి. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం మొదటిది తప్పనిసరి, రెండోది ఐచ్ఛికం. మొదటిదానికి ‘ఈ తేదీ తర్వాత వాడరాదు’ అనీ, రెండోదానికి ‘ఈ తేదీ వరకు రుచి, నాణ్యత తగ్గవు’ అనీ విడమరచి రాయండి. పాచిపోవడం, ముక్కిపోవడం, బూజు పట్టడం సరుకు స్థితిని చెప్పే మాటలు, తేదీతో నిమిత్తం లేనివి. సరిగా నిల్వ చేయకపోతే గడువులోపే పాచిపోవచ్చు.

వాడుకోనందువల్ల చేజారినవాటికి ‘మురిగిపోవడం’ చక్కని మాట. మార్చి 31 లోపు ఖర్చుపెట్టని నిధులు మురిగిపోతాయి, వాడుకోని క్యాజువల్ సెలవులూ మురిగిపోతాయి. చెక్కుకు ఈ మాట వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు చెల్లేది దాని మీది తేదీ నుంచి మూడు నెలలే. ఆ తర్వాత బ్యాంకు తీసుకోదు, కానీ ఇవ్వాల్సిన బాకీ ఎక్కడికీ పోదు, మరో చెక్కు అడగవచ్చు. ‘చెక్కు గడువు తీరింది’ అంటే చాలు.

అన్నిటికన్నా బరువైనది కాలదోషం. అడగగానే చెల్లించాల్సిన ప్రామిసరీ నోటు మీద, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. దాటితే కాలదోషం పట్టినట్టు. అప్పు రద్దు కాలేదు, కోర్టు ద్వారా రాబట్టే దారి మూసుకుపోయింది, అంతే. ఎదుటివారు ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా కోర్టు దావా కొట్టేయాల్సిందే. అందుకే నోటు వెనక చెల్లు వేయిస్తారు. మూడేళ్లు నిండకముందే బాకీదారు కొంత సొమ్ము కట్టి, ఆ సంగతి తన చేత్తో రాసో సంతకం చేసో ఇస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. మూడేళ్లు దాటాక వేసిన చెల్లు ఇందుకు పనికిరాదు. అప్పు తీరుస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం పెట్టాల్సిందే. ఇలాంటి నోటును ‘చెల్లని నోటు’ అనకండి, 2016లో రద్దయిన 500, 1000 నోట్లు గుర్తొస్తాయి. ‘కాలం చెల్లిన నోటు’ అన్నా తప్పే, అప్పే పోయిందనుకుంటారు.

‘వాయిదా’ను గడువు అర్థంలో రాయకండి. అది కిస్తుకూ, కోర్టులో కేసు వినే తేదీకీ, పని వెనక్కి జరగడానికీ ఇప్పటికే వాడుకలో ఉంది. ‘తుది గడువు’ అన్నది కూడా ఒకసారి పొడిగించాకే రాయాలి.

‘15లోపు’ అంటే 15 కలుస్తుందా లేదా అని కొందరికి అనుమానం. వేళ కూడా చేరిస్తే ఆ గొడవ ఉండదు. మీ నోటీసు ఇలా ఉండవచ్చు: ‘జులై 1 నాటికి 18 ఏళ్లు నిండినవారు అర్హులు. దరఖాస్తులు ఆగస్టు 15 సాయంత్రం 5 గంటల వరకు తీసుకుంటాం.’ ఆగస్టు 15 సెలవు కనుక, ఆ తేదీ పెట్టేముందు ఆ రోజు కౌంటరు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి.