పదికి పది దొరికితే చాలదు: ఎన్‌డీటీ పేపర్లపై పాఠకుల ప్రశ్నలు

వస్తువును కోయకుండా, విరగ్గొట్టకుండా లోపల ఏముందో చూసే పరీక్షలను నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ అంటారు. షాపుల్లో అందరి నోటా వినిపించేది ఎన్‌డీటీ అనే మాటే. ఈ నెల ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో అయిదు దీని గురించే. ఒకరు ఉత్తమ పరిశోధన పత్రానికిచ్చే అవార్డు గురించి అడిగారు, మిగతావారు దాన్ని అందుకునే దారిలో ఎదురయ్యే చిక్కుల గురించి అడిగారు.

ప్రశ్న: కాగితం మిల్లులో డైజెస్టర్ల (కలప ముక్కలను ఉడికించే పెద్ద ఉక్కు పాత్రల) గోడ మందం కొలిచే కాంట్రాక్టు పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. చదివింది డిప్లొమా, యూటీ (అల్ట్రాసోనిక్ టెస్టింగ్, అంటే ధ్వనితో చేసే పరీక్ష) లెవెల్ టూ సర్టిఫికెట్ ఉంది. ఏటా ఉత్తమ ఎన్‌డీటీ పరిశోధన పత్రానికి అవార్డు ఇస్తారని విన్నాను. అది ఐఐటీల వాళ్లకేనా అండి? మా దగ్గర రీడింగుల రిజిస్టర్లు గుట్టలుగా ఉన్నాయి. అవేమైనా పనికొస్తాయా?
– ఒక టెక్నీషియన్, రాయగడ

జవాబు: డిగ్రీ చూసి ఇచ్చే బహుమతి కాదది. ఇలాంటి అవార్డులకు సాధారణంగా ఒకటే పద్ధతి ఉంటుంది. సంస్థ నడిపే పత్రికలో అచ్చయిన వ్యాసాల్లోంచి ఒకటి ఎంచుతారు. బ్రిటన్‌లో ఎన్‌డీటీ ఇన్‌స్టిట్యూట్ 'ఇన్‌సైట్' అనే పత్రిక నడుపుతుంది. అందులో సభ్యులు రాసిన ఉత్తమ పత్రానికి జాన్ గ్రిమ్‌వేడ్ మెడల్, రేడియోగ్రఫీ పత్రానికి రాన్ హామ్‌షా పేరిట మరో అవార్డు ఉన్నాయి. మనకు చెన్నై కేంద్రంగా ఇండియన్ సొసైటీ ఫర్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ ఉంది, దానికీ సొంత జర్నల్ ఉంది. కాబట్టి అవార్డు సంగతి పక్కన పెట్టి ముందు అచ్చు సంగతి చూడండి. అర్హతలు, గడువు ఏ ఏటికాయేడు సంస్థ ప్రకటనలో చూసుకోవాలి.

ఇక మీ రిజిస్టర్లు. తొమ్మిదేళ్ల రీడింగులంటే చిన్న ఆస్తి కాదు. అయితే పత్రాన్ని పరిశీలించేవారు వాటిని చూడగానే అడిగే మొదటి ప్రశ్న ఇది: పోయినేడు కొలిచిన చోటే ఈ ఏడూ కొలిచారని నమ్మకమేమిటి? ప్రెజర్ వెసెల్ మీద పంచ్ గుర్తులు కొట్టకూడదు. పెయింట్ గుర్తు ఒక్క షట్‌డౌన్‌తో ఊడిపోతుంది. మ్యాన్‌హోల్ అంచునో, ఏదైనా నాజిల్ మధ్యరేఖనో ఆధారంగా పెట్టుకుని, అక్కడి నుంచి ఎన్ని మిల్లీమీటర్లు కుడికి, ఎన్ని కిందికి అని రాసి ఉంటే ఆ రీడింగుకు విలువ. 'బాటమ్ కోన్, నార్త్ సైడ్' అని మాత్రమే ఉంటే ఆ పేజీ బిల్లు పాస్ చేయించుకోవడానికి చాలుతుంది, పేపర్‌కు చాలదు.

రెండోది వేడి. ఇక్కడే చాలా రిజిస్టర్లు మునిగిపోతాయి. గేజ్ ధ్వనిని గోడలోకి పంపి, అది అవతలి అంచుకు తగిలి తిరిగొచ్చే సమయం నుంచి మందం లెక్కేస్తుంది. ఉక్కు వేడెక్కేకొద్దీ అందులో ధ్వని వేగం తగ్గుతుంది. దాదాపు ప్రతి 55 డిగ్రీల సెల్సియస్‌కు 1 శాతం తగ్గుతుందని లెక్క. మీరు స్టెప్ బ్లాక్ (తెలిసిన మందాల మెట్లున్న ఉక్కు ముక్క) మీద గేజ్‌ను నీడలో, 30 డిగ్రీల దగ్గర సరిచేసుకున్నారు. డైజెస్టర్ ఇంకా పూర్తిగా చల్లారలేదు, గోడ 85 డిగ్రీల దగ్గరుంది. అసలు మందం 20 మిల్లీమీటర్లయితే గేజ్ 20.2 చూపిస్తుంది. గోడ ఏడాదికి 0.3 మిల్లీమీటర్లు అరుగుతోందనుకుంటే, నిరుడు చల్లటి గోడ మీద, ఈ ఏడాది వేడి గోడ మీద కొలిచినప్పుడు అరుగుదల 0.1 అనే కనిపిస్తుంది. మూడింట రెండు వంతుల అరుగుదలను వేడి మింగేసింది. ఒక్కో రీడింగు పక్కన గోడ ఉష్ణోగ్రత రాసి ఉంటే దీన్ని ఇప్పుడైనా సరిచేయొచ్చు. రాయకపోతే ఆ ఏడాది అంకెలు వదులుకోవాల్సిందే. పైగా జంట స్ఫటికాల ప్రోబ్ (ఒక స్ఫటికం ధ్వని పంపితే మరొకటి అందుకునే గేజ్ తల) వేడి గోడ మీద ఉన్నకొద్దీ స్ఫటికాల ముందుండే ప్లాస్టిక్ ముక్క (డిలే) కూడా వేడెక్కి గేజ్ జీరో పక్కకు జరుగుతుంది. అందుకే పది రీడింగులకోసారి బ్లాక్ మీద మళ్లీ చూసుకోవాలి.

మూడోది పెయింట్. పెయింట్‌లో ధ్వని సెకనుకు సుమారు 2,400 మీటర్లే నడుస్తుంది, ఉక్కులో 5,920. గేజ్‌కు ఆ తేడా తెలియదు. 0.3 మిల్లీమీటర్ల పెయింట్ పొరను అది 0.74 మిల్లీమీటర్ల ఉక్కుగా లెక్కేస్తుంది. గోకి కొలవాలి, లేదా ఎకో టు ఎకో పద్ధతిలో (వరుసగా వచ్చే రెండు ప్రతిధ్వనుల మధ్య సమయంతో) కొలవాలి. ఏ ఏడాది ఎలా కొలిచారో చెప్పకుండా రెండు ఏళ్ల అంకెలు పక్కపక్కన పెడితే గోడ పెరిగినట్టు కూడా కనిపించొచ్చు. గోడ పెరగదు కదా! లోపల స్టెయిన్‌లెస్ పొర ఉన్న డైజెస్టరైతే దాని వేగం వేరు, దానికి వేరే బ్లాక్ కావాలి.

చివరగా చెయ్యి తేడా. వచ్చే షట్‌డౌన్‌లో పది చోట్లు ఎంచుకోండి. ముగ్గురు మనుషులు, ఒక్కో చోట మూడేసి సార్లు, ఒకరి అంకె ఒకరికి కనబడకుండా కొలవాలి. 90 రీడింగులు వస్తాయి. పూటలో తెమిలే పనే. పైపు లాంటి వంపు మీదైతే ప్రోబ్‌లో రెండు స్ఫటికాల మధ్య ఉండే అడ్డుగీత పైపు పొడవుకు అడ్డంగా ఉండాలి. ఇది ఒకరు పాటించి ఒకరు పాటించకపోతే అక్కడే తేడా మొదలవుతుంది. ఆ 90 అంకెల్లోంచి 'మా కొలతలో ఇంత ఊగిసలాట ఉంది, దీనికన్నా తక్కువ అరుగుదలను మేం చెప్పలేం' అని తేల్చగలిగితే మీ తొమ్మిదేళ్ల రిజిస్టర్లకు ప్రాణం వస్తుంది. కొత్త యంత్రం కొన్నామని చెప్పే పేపర్లకన్నా ఇలాంటిది మాకు నచ్చుతుంది. మరో ఊళ్లో మరొకరు అదే గేజ్ పట్టుకుని దీన్ని సరిచూసుకోగలరు.

ప్రశ్న: ఫైనలియర్ మెకానికల్ విద్యార్థినిని. వెల్డింగ్ ప్లేట్లలో మేమే పది లోపాలు చేసి, అల్ట్రాసోనిక్‌తో వెతికితే పదీ దొరికాయి. 'మా పద్ధతి నూటికి నూరు శాతం' అని రాశాం. మా గైడ్ సార్ ఒప్పుకోవడం లేదు. ఎందుకు?
– గుణుపురం

జవాబు: మీ సారు చెప్పింది నిజం. పది లోపాలకు పదీ దొరకడం మామూలు పద్ధతితోనూ జరగొచ్చు. ప్రతి పదిలో తొమ్మిదే పట్టే పద్ధతి అనుకోండి. అది వరుసగా పది పట్టే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది, అంటే 0.35. మూడింట ఒకసారి అదృష్టం కలిసొస్తుందన్నమాట. మీ పదికి పది నుంచి 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది ఒక్కటే: ఈ పద్ధతి కనీసం 74 శాతం లోపాలను పట్టుకుంటుంది. 90 శాతం పట్టుకుంటుందని అదే నమ్మకంతో చెప్పాలంటే ఒకే సైజు లోపాలు 29 ఉండాలి, 29 దొరకాలి. ఒకటి తప్పిపోతే 29 చాలదు, 46లో 45 దొరకాలి. విమానాల పరీక్షల్లో వినిపించే 90/95 అనే మాట ఈ లెక్కదే.

ఇంకో మూడు చూసుకోండి. లోపం లేని చోట్లు కూడా ప్లేట్లలో ఉండాలి, లేకపోతే ప్రతిచోటా 'ఉంది' అనేవాడికే వందకు వంద. లోపాలు చేసిన మనిషి, వెతికే మనిషి ఒకరే కాకూడదు. మూడోది అసలైనది. మీరు బహుశా రంపంతోనో స్పార్క్ మెషీన్‌తోనో గాడి పెట్టి ఉంటారు. గాడి నోరు తెరిచి ఉంటుంది, ధ్వని మొత్తం తిరిగొస్తుంది. నిజమైన పగులు పెదవులు మూసుకుని ఉంటుంది, కొంత ధ్వని దానిగుండా దాటిపోతుంది. అందుకే గాడి మీద బ్రహ్మాండంగా పనిచేసిన ప్రోబ్ పగులు మీద వెలవెలబోతుంది. చిన్న గాడి పెట్టి, ప్లేటును మూడు బిందువుల వంపులో వేలసార్లు వంచి పగులు మొలిపించి, ఆ తర్వాత పైనున్న గాడిని మిల్లింగ్‌లో తీసేస్తే మిగిలేది అసలు పగులే. గాడులతో పోల్చి చూడటానికి ఇలాంటివి పది చేసినా చాలు. 'గాడులకు ఇంత, పగుళ్లకు ఇంత' అని రెండు గీతలు గీయండి. వాటి మధ్య ఖాళీయే మీ పేపర్.

ప్రోబ్ ఎంపిక కూడా సరిచూడండి. ఉక్కులో షియర్ తరంగం (ప్రయాణ దిశకు అడ్డంగా ఊగే ధ్వని) వేగం సెకనుకు 3,240 మీటర్ల చిల్లర. 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో తరంగ దైర్ఘ్యం 1.6 మిల్లీమీటర్లు, 4తో 0.8. అందులో సగానికన్నా చిన్న లోపం కోసం ఆశపడకూడదని షాపుల్లో చెప్పుకునే లెక్క.

ప్రశ్న: పాత కల్వర్టులను, కొట్టాక ఎంత వెనక్కి ఎగిరిందో చూసి కాంక్రీటు గట్టితనం చెప్పే రిబౌండ్ హ్యామర్‌తో కొట్టి చూస్తున్నాం. అన్నీ కొత్త కాంక్రీటుకన్నా గట్టిగా చూపిస్తున్నాయి. దీన్ని రాస్తే కొత్త విషయమవుతుందా?
– ఒక సివిల్ సూపర్‌వైజర్, జయపురం

జవాబు: కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పాత కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది. హ్యామర్ చూసేది ఆ పైపొరనే. ఒక మూల కొంచెం చెక్కి, చెక్కిన వెంటనే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు రాని మేర గట్టిపడిన పొర. దాన్ని కొలిచి రీడింగు పక్కన రాయండి. రాయదగ్గ విషయం మరొకటుంది. వానాకాలంలో తడిసిన కాంక్రీటు మీద హ్యామర్ అంకె తగ్గుతుంది, అల్ట్రాసోనిక్ పల్స్ వేగం మాత్రం పెరుగుతుంది. అవే కల్వర్టులను మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి రెండు పరికరాలతోనూ చూడండి. పల్స్ దారి కమ్మీ పొడవునా సాగకుండా జాగ్రత్తపడాలి, కమ్మీలో ధ్వని కాంక్రీటులో కన్నా వేగంగా పోతుంది.

ప్రశ్న: ఇరిడియం (గామా కిరణాలనిచ్చే రేడియోధార్మిక లోహం)తో తీసిన పాత వెల్డింగ్ ఫిల్ములు పెట్టెలకొద్దీ ఉన్నాయి. వీటితో పేపర్ వస్తుందా?
– వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్, కోరాపుట్

జవాబు: పసుపు రంగుకు తిరిగినవి ముందే పక్కన పెట్టండి. ఫిల్మును ఫిక్సర్ నుంచి తీసి సరిగా కడగకపోతే అలా అవుతుంది, వాటి సాంద్రతను (ఫిల్ము ఎంత నల్లగా ఉందన్న లెక్కను) నమ్మలేం. మిగిలినవాటిలో డెన్సిటోమీటర్‌తో 2.0కూ 4.0కూ మధ్య ఉన్నవి, పెనిట్రామీటర్ (ఫిల్ము నాణ్యత తెలియడానికి వెల్డు మీద పెట్టే సన్నని రేకు లేదా తీగ) గుర్తు స్పష్టంగా కనిపించేవి మాత్రమే తీసుకోండి. ఫిల్ము తీసిన రోజున సోర్సు బలం రాసి ఉందా? ఇరిడియం 192 దాదాపు 74 రోజులకు సగమవుతుంది. 30 క్యూరీలది అయిదు నెలలకల్లా ఏడున్నరకు దిగుతుంది, ఎక్స్‌పోజర్ నాలుగింతలు ఇవ్వాలి. తొందరలో ఇవ్వకపోతే ఫిల్ము మీద నలుపు పల్చబడి సన్నని పగులు దాగుతుంది. అయితే ఫిల్ములు మాత్రమే చూపితే చాలదు. పక్కగోడతో కలవని వెల్డు రేడియేషన్ దారికి ఏటవాలుగా ఉంటే ఫిల్ము మీద పడదు, అల్ట్రాసోనిక్‌కు దొరుకుతుంది. ఆ జాయింట్లు ఇంకా పనిలో ఉంటే వాటినే యూటీ చేసి, ఫిల్ము 'బాగుంది' అన్నవాటిలో ఎన్నింట్లో యూటీకి లోపం దొరికిందో చెప్పండి.

ప్రశ్న: ఇంగ్లీషు అంతంత మాత్రం. రాసిపెడతానని ఒకాయన వచ్చాడు, మొదటి పేరు తనదే ఉండాలట. మా కంపెనీ వాళ్లు కూడా ఒప్పుకుంటారో లేదో.
– బరంపురం

జవాబు: భాష దిద్దినవారికి చివర కృతజ్ఞత చెబితే చాలు, రచయిత కారు. కొలత ఎలా చేయాలో నిర్ణయించినవారు, కొలిచినవారు, అంకెలకు అర్థం చెప్పినవారు రచయితలు. మొదటి పేరు మీదే ఉండనివ్వండి. ముందు తెలుగులోనే పూర్తిగా రాసుకోండి. తర్వాత ఇంగ్లీషు చేయించుకున్నా అంకెలు, యూనిట్లు మీరే ఒక్కొక్కటీ సరిచూడాలి. ఇన్ని రోజుల్లో వేసేస్తాం, ఇంత కట్టండి అని ముందే డబ్బడిగే పత్రికల జోలికి పోకండి, వాటిలో వచ్చినదాన్ని అవార్డు కమిటీలు చూడవు.

కంపెనీ అనుమతి మాత్రం పంపకముందే కాగితం మీద తీసుకోండి, అచ్చయ్యాక అడిగితే గొడవే. ఉత్తరంతో పాటు పేపర్ నకలు జత చేయండి. అందులో మిల్లు పేరు, ట్యాంకు నంబరు, ఊరు తీసేసి, ఉక్కు గ్రేడు, మందం, ఉష్ణోగ్రత, వాడిన ప్రోబ్ ఉంచండి. చదివేవారికి కావలసింది అవే. యాజమాన్యం ఎక్కువగా జంకేది ఫొటోలకు. నేమ్‌ప్లేటు, గోడ మీది రాతలు పడకుండా ప్రోబ్ పట్టుకున్న చెయ్యి, గేజ్ తెర మాత్రమే కనిపించేలా తీయండి.