కవలల్లో ఒకరికి ఉమ్మనీరు తక్కువ, ఇంకొకరికి ఎక్కువ.. కొబ్బరినీళ్లు తాగితే సరిపోతుందా?

ప్రశ్న: నా భార్య వయసు 28. కవలలు, ఇప్పుడు 19వ వారం. టిఫా స్కాన్‌లో ఒక బేబీకి ఉమ్మనీరు 1.8 సెం.మీ., రెండో బేబీకి 8.6 సెం.మీ. అని రాశారు. మాయ ఒకటే అన్నారు. మా డాక్టరుగారి అపాయింట్‌మెంట్ పది రోజుల తర్వాత ఉంది. ఈలోగా మెడికల్ షాపులో నీరు పెరగడానికి ఎల్-ఆర్జినిన్ సాచెట్లు ఇస్తే తాగిస్తున్నాం. రోజుకు ఎన్ని వాడాలి? కొబ్బరినీళ్లు ఎన్ని తాగాలి? నడుం నొప్పికి అప్పుడప్పుడు మాత్ర వేసుకుంటోంది. రెండ్రోజులుగా కాస్త తడిగా ఉంటోందట, వైట్ డిశ్చార్జే అని మా అమ్మ అంటోంది. పొట్ట కూడా ఈ వారంలో బాగా పెరిగింది.
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కొబ్బరినీళ్ల సంగతి తర్వాత. ముందు ఆ పది రోజుల ఆలోచన మానేసి, ఇది చదివిన రోజే వెళ్లండి.

కవలల్లో ఒక్కో ఉమ్మనీటి సంచిలో అన్నిటికంటే లోతుగా నీరున్న చోటును నిలువుగా కొలుస్తారు. 2 నుంచి 8 సెం.మీ. ఉంటే మామూలు. 20 వారాల లోపు ఒక సంచిలో 2 కంటే తక్కువ, రెండో దాంట్లో 8 కంటే ఎక్కువ ఉండి, ఇద్దరికీ ఒకే మాయ అయితే ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ సిండ్రోమ్‌ని అనుమానించాల్సిందే. మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసిపోయి, ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు మళ్లుతుంది. ఈ నెలల్లో ఉమ్మనీరంటే చాలావరకు బిడ్డ మూత్రమే. రక్తం తగ్గిన బిడ్డకు మూత్రం తగ్గి, నీరు ఇంకిపోయి, పొర ఒంటికి అతుక్కుపోతుంది. ఎక్కువైన బిడ్డ గుండె అలసిపోతుంది. పొట్ట ఒక్కసారిగా పెరగడం కూడా దీనికి సరిపోతుంది. తల్లి ఒంట్లో నీటి కొరత ఎక్కడుందండీ ఇందులో? సాచెట్లు ఎన్ని కలిపినా ఆ రక్తం దారి మళ్లదు. ఆపేయండి. కొబ్బరినీళ్లు దాహానికి తాగితే తప్పులేదు, వైద్యం మాత్రం కాదు.

రిపోర్టు చూడకుండా ఇదే జబ్బని తేల్చను. మాయ నిజంగా ఒకటేనా అన్నది కీలకం. రెండు మాయలు పక్కపక్కనే అతుక్కుని ఒకటిలా కనిపించడం మామూలే. 11 నుంచి 14 వారాల మధ్య చేసిన ఎన్‌టీ స్కాన్‌లో సంచుల మధ్య పొర మాయను తాకే చోట లాంబ్డా (λ) ఆకారం గుర్తు ఉందా, ఇంగ్లిష్ టీ (T) ఆకారం గుర్తు ఉందా అన్నది చూసి చెబుతారు. లాంబ్డా అయితే మాయలు రెండు, టీ అయితే ఒకటి. ఇద్దరిలో ఒకరు ఆడ, ఒకరు మగ అని తెలిస్తే మాయలు రెండని దాదాపు తేలిపోయేదే, కానీ మన చట్టం ప్రకారం అది చెప్పకూడదు, మీరూ అడగకూడదు. అందుకే ఆ పాత రిపోర్టు పారేయకుండా ఫిల్ములతో సహా తీసుకెళ్లండి. ఫీటల్ మెడిసిన్ నిపుణులు, అంటే కడుపులోని బిడ్డకు వైద్యం చేసేవాళ్లు, నీరు తగ్గిన బిడ్డ మూత్రాశయం కనిపిస్తోందా, డాప్లర్‌లో రక్తప్రసరణ ఎలా ఉంది, గర్భాశయ ముఖద్వారం పొడవెంత అన్నవి చూస్తారు. అవసరమైతే 16 నుంచి 26 వారాల మధ్య లేజర్‌తో ఆ నాళాలను మూసేస్తారు. ఆలస్యమైతే పిల్లలిద్దరికీ ప్రమాదమే. ఒకే మాయ ఉన్నవాళ్లకు 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తప్పనిసరి.

ఇక ఆ తడి. మీ అమ్మగారి మాట నిజమే కావచ్చు, కానీ అది ఇంట్లో తేలేది కాదు. మూత్రానికి వెళ్లొచ్చి తెల్లటి ప్యాడ్ పెట్టుకుని, అరగంట పడుకుని లేచి, దగ్గి చూడమనండి. జిగట లేకుండా నీళ్లలా తడిస్తే సంచి చిరిగిందేమోనని అనుమానించాలి. తడవకపోయినా చూపించాల్సిందే. ఆసుపత్రిలో స్పెక్యులం అనే పరికరంతో లోపల చూస్తారు. నీరు పోతోందన్న అనుమానం ఉన్నప్పుడు ఊరికే చేత్తో లోపల పరీక్ష చేయించుకోకూడదు, ఇన్‌ఫెక్షన్ ఎక్కే ప్రమాదం ఉంటుంది. కలయిక వద్దు. షాపులో అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ కొని మొదలుపెట్టొద్దు. ఉమ్మనీరు పోయినవాళ్లకు అది ఇస్తే పుట్టే పిల్లల్లో పేగులు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందని 2001 నుంచీ తెలుసు. జ్వరం, చలి, దుర్వాసన, రక్తం, పొట్ట బిగుసుకోవడం, పడుకుంటే ఆయాసం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. గాంధీ, పేట్లబుర్జ్, కోఠి ప్రసూతి ఆసుపత్రుల్లో ఏ వేళయినా చూస్తారు.

నడుం నొప్పి మాత్ర పేరు రాయలేదు. నన్ను ఎక్కువ చిరాకు పెట్టింది అదే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్.. 'పారాసెటమాలేనండీ' అని షాపువాళ్లు ఇచ్చే మాత్రలో ఎసిక్లోఫెనాక్ కూడా కలిసి ఉంటుంది చాలాసార్లు. స్ట్రిప్ వెనక చదవండి. డైక్లోఫెనాక్ లాంటి ఈ నొప్పి మాత్రలు బిడ్డ కిడ్నీకి రక్తం తగ్గించి మూత్రాన్ని, దాంతో ఉమ్మనీటిని తగ్గిస్తాయి. 20 వారాలు దాటాక వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. మీరు ఆ గడప మీదే ఉన్నారు. ఒకవైపు నీరు పెరగడానికి సాచెట్, ఇంకోవైపు తగ్గించే మాత్ర! మీ విషయంలో ఒక సంచిలో తక్కువ, ఒక దాంట్లో ఎక్కువ అవడానికి మాత్ర కారణం కాకపోవచ్చు, అయినా మానిపించండి. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడుతుంటే వెంటనే డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. బీపీ రాకుండా డాక్టరు రాసిన 75 లేదా 150 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్రం వేరు, దాన్ని మీ అంతట మీరు ఆపొద్దు.

వేసుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకెళ్లండి. ఆమె బ్లడ్ గ్రూప్ కాగితం కూడా. నెగెటివ్ గ్రూప్ అయితే రక్తస్రావమైనా, లేజర్ చేసినా యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం రావచ్చు.