మూడో పేజీలోనే చంపేశావు

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రిపూట, ఏకబిగిన. రెండోసారి పొద్దున్నే పెన్సిలు పట్టుకుని. రాత్రి కళ్లు చెమర్చాయి, పొద్దున ఒళ్లు మండింది. ఈ రెండూ ఎందుకు జరిగాయో చెబుదామనే ఈ ఉత్తరం.

మెడ దగ్గర వెన్నెముక దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయిన కుర్రాడు, నన్ను చనిపోనివ్వండి అని కోర్టుకెక్కుతాడు. సబ్జెక్టు మంచిదే, చాలామంది చేతులు కాల్చుకున్నది కూడా ఇదే. నువ్వెక్కడ కాల్చుకున్నావో చెప్పనా? మూడో పేజీలో. "మంచానికే పరిమితమైన ఒక జీవచ్ఛవం" అని అతన్ని పరిచయం చేశావు చూడు, అక్కడ. శవమని నువ్వే అన్నాక ఇంకా కేసేముంది? తీర్పు అక్కడే వచ్చేసింది. మిగతా నూట పది పేజీలూ లాయర్లు ఊరికే గొంతు చించుకుంటున్నారు.

మన భాషలో ఈ విషయానికున్న మాటలన్నీ ఇలాంటివే, జాగ్రత్త. "కారుణ్య మరణం" అనే మాటనే చూడు. పేపర్లో రోజూ చూసేదే, నేనూ రాశాను. కానీ కరుణ ఎవరిది? చూసేవాడిది, ఇచ్చేవాడిది. చనిపోతానంటున్నవాడు ఆ మాటలో ఎక్కడా లేడు. నీ హీరో అడిగేది కరుణ కాదు, హక్కు. కరుణ అయితే ఇంకా ఇంకా చూపించమని అడగొచ్చు. హక్కయితే, వాడు ఆ మంచం మీద కూడా తన సంగతి తాను తేల్చుకోగల పెద్దమనిషని ముందు ఒప్పుకోవాలి. నీ స్క్రిప్టులో అతనికి ముప్పై ఏళ్లు, కానీ అందరూ పసిపిల్లాడితో మాట్లాడినట్టే మాట్లాడతారు. కావాలని రాశావా, చెయ్యి అలా పోయిందా?

2005 ఆస్కార్ల రాత్రి ఒక విచిత్రం జరిగింది. ఉత్తమ చిత్రం 'మిలియన్ డాలర్ బేబీ'. ఉత్తమ విదేశీ భాషా చిత్రం స్పెయిన్ నుంచి వచ్చిన 'మార్ అదెంత్రో'. రెండిట్లోనూ మెడ కింద కదలిక పోయిన మనిషి చావు కోరుకుని చనిపోతాడు. మొదటిదాని మీద వికలాంగుల హక్కుల సంఘాలు గట్టిగా నిరసన తెలిపాయి. అందులో కథాపరంగానూ ఒక చిక్కుంది. తెలివిలో ఉన్న పేషెంటు వెంటిలేటర్ వద్దంటే తీసేయాల్సిందే, అమెరికాలో అప్పటికే ఆ హక్కుంది. అలాంటప్పుడు ఆ బాక్సర్ అమ్మాయి ఊపిరి మిషను ఆపడానికి ఆమె కోచ్ చీకట్లో దొంగలా రావాల్సిన పనేముంది? చట్టం తెలుసుకోకపోతే క్లైమాక్సు కూడా కూలిపోతుంది.

రెండోది నిజంగా బతికిన మనిషి కథ. రామోన్ సాంపెద్రో, గలీసియా ప్రాంతం వాడు. 1968లో, పాతికేళ్ల వయసులో, సముద్రంలోకి దూకితే కింద నీళ్లు లేవు. దాదాపు ముప్పై ఏళ్లు మంచం మీదే. నోట్లో పుల్ల పట్టుకుని రాసేవాడు. కోర్టుల చుట్టూ తిరిగాడు, కుదరలేదు. 1998లో స్నేహితుల సాయంతో వెళ్లిపోయాడు. అలా చనిపోవడానికి సాయం చేయనిచ్చే చట్టం స్పెయిన్‌లో వచ్చింది 2021లో.

ఆ సినిమాలో ఒక సీను కోసమైనా నువ్వు దాన్ని మళ్లీ చూడాలి. రామోన్‌కి బుద్ధి చెప్పడానికి ఒక ఫాదర్ వస్తాడు. ఆయనకీ మెడ కింద కదలిక లేదు, చక్రాల కుర్చీలో వస్తాడు. రామోన్ గది పైన, మెట్లు ఇరుకు, కుర్చీ ఎక్కదు. దాంతో ఒక కుర్రాడు కింది మాట పైకీ, పైమాట కిందికీ మోస్తూ మెట్లెక్కి దిగుతుంటాడు. జీవితం విలువ, దేవుడు, స్వేచ్ఛ అన్నీ ఆ పిల్లాడి ఆయాసంలో పడి నలిగిపోతాయి. చివరికి ఇద్దరూ కేకలేసుకుంటారు. నవ్వొస్తుంది. నవ్వుతూనే, వాళ్లిద్దరి మధ్య అడ్డంగా ఉన్నది సిద్ధాంతం కాదు, మెట్లు అని తెలుస్తుంది. ఆ తర్వాత ఇన్నాళ్లూ అతనికి అన్నీ చేసిన వదిన ఆ ఫాదర్‌ని ఒక్క మాటతో కడిగేస్తుంది. నీ కోర్టు సీనులో నాలుగు పేజీల ఉపన్యాసం ఉంది కదా. అందులో ఒక్క మెట్టయినా ఉందా?

ఇంకొకాయన గురించి చెప్పాలి. లారీ మెకఫీ, అమెరికా. 1985లో బైకు ప్రమాదం, వెంటిలేటర్ మీద బతుకు. తన ఊపిరి మిషను తాను ఆపుకోవచ్చని 1989లో జార్జియా కోర్టు అనుమతిచ్చింది. గెలిచాడు. గెలిచి, ఆపుకోలేదు! ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోముల్లో పడి ఉండాల్సిన అవసరం లేకుండా, మామూలు ఇంట్లాంటి చోట నలుగురి మధ్య బతికే ఏర్పాటు దొరికేసరికి మనసు మార్చుకున్నాడు. అంటే అతను వదిలించుకోవాలనుకున్నది ఒంటిని కాదేమో, ఆ వార్డునేమో.

అయితే రామోన్‌కి ఇల్లుంది, ప్రాణం పెట్టే మనుషులున్నారు, నవ్వించే తెలివుంది, అయినా వద్దన్నాడు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టుకో. ఒకడు రైటు, ఒకడు తప్పు అని తేల్చకు, నాకూ తేలలేదు. కానీ నీ హీరో దేన్నుంచి పారిపోవాలనుకుంటున్నాడో, శరీరం నుంచా, గది నుంచా, అన్నకు భారమయ్యానన్న బాధ నుంచా, అది నీకు తెలియాలి. అతను పైకి చెప్పకపోయినా సరే.

నేనూ ఇదే తప్పు చేశానులే. కొత్తల్లో ఒక కథ రాశాను. పక్షవాతంతో పడిపోయిన మనిషి, కిటికీ, వాన, చివర్లో చావు. మంచి పేరొచ్చింది. చక్రాల కుర్చీలో ఉండే ఒక పాఠకురాలు ఫోన్ చేసింది. తిడుతుందనుకుని టెన్షన్ పడ్డాను. ఆవిడ అడిగింది ఒక్కటే: "మీ కథలో ఆయన ఆరేళ్లు మంచం మీదున్నాడు కదండీ, స్నానం ఎవరు చేయించారు?"

నాకు తెలియదు. అసలా ఆలోచనే రాలేదు.

తర్వాత తెలుసుకున్నాను. రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుందనీ, అందుకు రాత్రి కూడా ఎవరో లేవాలనీ, తిప్పేటప్పుడు దుప్పటి మడత ఒక్కటి కింద ఉండిపోతే చాలనీ. ఆ మడత ఒంటికి తెలియదు, స్పర్శ ఉండదు కదా. పొద్దున్న చర్మం మీద ఎర్రటి గీత చూసి ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. అతనికి వాళ్ల ముఖం చూసి తెలుస్తుంది. ఇది నేను కూర్చుని ఊహించగలిగేది కాదు. నువ్వూ ఊహించకు, వెళ్లి అడుగు. అడిగినవాళ్లు కసిరినా విను.

చట్టం గురించి రెండు ముక్కలు. నీ కోర్టు సీను ఇక్కడి సుప్రీంకోర్టులో పెట్టావు. దాడి తర్వాత దశాబ్దాలపాటు అచేతనంగా ఉండిపోయిన ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో, ఆ తర్వాత ఇంకో కేసులో 2018లో కోర్టు ఒప్పుకున్నది ప్రాణం నిలబెడుతున్న చికిత్సను ఆపడానికి. నీ హీరో సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడు, ఏ మిషనూ లేదు. అతనడిగేది వేరే, చనిపోవడానికి ఇంకొకరి సాయం. అక్కడ జడ్జి కళ్లు తుడుచుకుని సరే అనడం కుదరదు. మార్చు.

అన్నీ తిట్లే కాదు. నలభై ఒకటో సీను నాకు నిద్ర పట్టనివ్వలేదు. అన్న హడావిడిగా బయటికెళ్తూ ఫోను బల్ల మీద పెట్టేస్తాడు, వీడి నోటి పుల్లకి జానెడు దూరంలో. ఫోను మోగుతుంది. వీడు చూస్తుంటాడు. వంటింట్లో అమ్మ ఉంది, పిలవొచ్చు, పిలవడు. మోగి మోగి ఆగిపోతుంది. ఒక్క డైలాగు లేదు, నాలుగు పేజీల ఉపన్యాసమంతా అందులో ఉంది.

తర్వాత సీనుకి నువ్వు నేరుగా కోర్టుకి వెళ్లిపోయావు. ఆ ఫోను చేసిందెవరు? సాయంత్రం అన్న తిరిగొచ్చి, మిస్డ్ కాల్ చూసి, తమ్ముడి వైపు తిరిగి ఏమన్నాడు? అది రాసి పంపు, ముందు అది చదువుతాను.

నీ
అన్నయ్య