నార్వే చూడడానికి 3 లక్షల అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నేను కాకినాడలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. రెండేళ్లలో పదవీ విరమణ చేస్తాను. మావారు ఇప్పటికే రిటైరయ్యారు. నెలకు 20 వేల చొప్పున మూడేళ్లుగా కడుతున్న ఆర్‌డీ మార్చిలో ముగుస్తుంది, సుమారు 8 లక్షలు వస్తాయి. వేసవి సెలవుల్లో నార్వే వెళ్లి ఫియార్డులు (కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయలు), అర్ధరాత్రి సూర్యుడు, ఉత్తర ధ్రువ కాంతులు (రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు) చూడాలని మా కోరిక. ట్రావెల్ సంస్థ ఇద్దరికీ 11 లక్షలు అడుగుతోంది. తక్కువపడే 3 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవాలా, అత్యవసరాలకని దాచిన ఎఫ్‌డీని రద్దు చేసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు, అయితే ప్రయాణం మానుకోవలసిన పని కూడా లేదు. మీరు కోరుకున్న మూడింటిలో చివరి రెండు ఒకే ప్రయాణంలో కుదరవు. ట్రోమ్సో వంటి నార్వే ఉత్తరాది పట్టణాల్లో మే 20 ప్రాంతం నుంచి జూలై మూడో వారం దాకా సూర్యుడు అస్తమించడు. చీకటే పడని ఆకాశంలో ధ్రువ కాంతులు కనిపించవు, వాటికి సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి వరకు అనువైన కాలం. కాబట్టి ముందుగా ఏ రుతువులో వెళ్లాలో తేల్చుకోండి, బడ్జెట్ దాన్నిబట్టి తేలుతుంది.

వేసవికి ఫియార్డులను ఎంచుకోమని నా సలహా. ధ్రువ కాంతులను మబ్బు కమ్మితే నాలుగు రాత్రులు కాచుకున్నా చూడలేకపోవచ్చు, ఫియార్డు మాత్రం వాన పడుతున్నా కళ్లెదుటే ఉంటుంది. పైగా మే చివరి వారంలో కొండల మీది మంచు కరిగి జలపాతాలు నిండుగా దూకుతుంటాయి, జూన్ రెండో వారంలో బడి తెరిచేలోగా మీరు తిరిగి రావచ్చు. ఆ రోజుల్లో పశ్చిమ తీర నగరం బెర్గెన్‌లో కూడా రాత్రి పదిన్నర దాటాక గానీ పొద్దు గుంకదు. ఉత్తరాదికి మరో విమానం, అక్కడి హోటళ్ల ఖర్చు లేకుండానే ఆ సుదీర్ఘమైన వెలుతురు మీకు కొంతైనా అనుభవంలోకి వస్తుంది.

డబ్బు ఖర్చు చేయవలసిన చోటు రాజధాని ఓస్లో, బెర్గెన్ నగరాల మధ్య దారి. ఓస్లోలో ఉదయం రైలెక్కి, చెట్లు కూడా పెరగని పీఠభూమి మీదుగా సాగి, 866 మీటర్ల ఎత్తున ఉన్న మ్యూర్‌దాల్‌లో దిగి, అక్కడి నుంచి 20 కిలోమీటర్ల దూరంలోనే దాదాపు సముద్రమట్టానికి దిగిపోయే ఫ్లోమ్ రైలు ఎక్కండి. ఫ్లోమ్‌లో పడవ ఎక్కితే రెండు గంటలకు గుద్‌వాంగెన్ చేరుస్తుంది. 2005లో ప్రపంచ వారసత్వ ప్రదేశమైన నేరోయ్ ఫియార్డు గుండా వెళ్లే ఆ పడవ, ఒకచోట రెండు కొండల నడుమ 250 మీటర్ల వెడల్పే ఉన్న నీటిలోంచి సాగుతుంది. ఆ పైన బస్సులో వోస్, మళ్లీ రైలులో బెర్గెన్. ఈ దారినంతా ఒకే రోజున పరుగెత్తించకుండా ఫ్లోమ్‌లో ఒక రాత్రి ఆగండి, ఆ ఖర్చుకు వెనుకాడవద్దు. టిక్కెట్లను విడివిడిగా, రైలు టిక్కెట్లను వీలైనంత ముందుగా కొంటే ధర తగ్గుతుంది. బెర్గెన్ రేవులోని బ్రిగ్గెన్ కొయ్య ఇళ్లలో ఒకప్పుడు ప్రధానంగా సాగింది ఎండుచేపల వ్యాపారం, కాకినాడ వారికి అది పరాయి ఊరిలా అనిపించకపోవచ్చు. అక్కడ ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడుతుంది కనుక మంచి రెయిన్‌కోట్లు ఇక్కడే కొనుక్కోండి.

ఓస్లోలో రెండు రోజులు చాలు. విగెలాండ్ శిల్పాల పార్కుకు, ఒపెరా హౌస్ వాలుకప్పు మీద నడకకు రుసుము లేదు. హోటల్ భోజనం అక్కడ చాలా ఖరీదు కాబట్టి వంటగది ఉన్న బస తీసుకుని, సూపర్‌మార్కెట్ సరుకులతో వండుకోండి. పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లవచ్చు గానీ నెయ్యి, మాంసం వద్దు, మన దేశం నుంచి పాల, మాంస పదార్థాలను అనుమతించరు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. కార్డు మెషీన్ రూపాయలా, క్రోన్లా (నార్వే డబ్బు) అని అడిగితే క్రోన్లనే ఎంచుకోండి, రూపాయలంటే మారకం రేటులో నష్టపోతారు.

ఇక అప్పు సంగతి. 3 లక్షలను 12 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 9,964 రూపాయల చొప్పున కట్టాలి, వడ్డీయే 58,700 దాటుతుంది, చివరి వాయిదాలు మీ పింఛనులోంచి పోతాయి. ఎఫ్‌డీ మీ ఇంటి ఆసుపత్రి ఖర్చులకు ఉన్న ఏకైక ఆసరా అనిపిస్తోంది, దాన్ని కదపవద్దు. చమురు సంపదతో నిధి కట్టుకున్న నార్వే కూడా ఏటా అందులో సుమారు 3 శాతమే, అంటే ఆశించే రాబడి మేరకే, ఖర్చు చేయాలని నియమం పెట్టుకుంది.

8 లక్షల్లో 80 వేలు మారకం రేటు మార్పుల కోసం పక్కన పెట్టి, మిగిలిన దానిలో ఎనిమిది రోజుల ప్రయాణం వేసుకోండి. నార్వే వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవారే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) అదనంగా వసూలు చేస్తారు. అది ఎవరి పాన్ మీద జమ అయితే వారు రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా రీఫండు కోరవచ్చు, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

మార్చి తర్వాత అదే 20 వేల ఆర్‌డీని మరో 15 నెలలు కొనసాగించండి. మీరు అప్పుగా అడిగిన 3 లక్షలు అసలు రూపంలోనే చేతికొస్తాయి, అప్పటికి మీరింకా ఉద్యోగంలోనే ఉంటారు. ఆ ఏడు దసరా సెలవుల్లో ట్రోమ్సోలో నాలుగు రాత్రులు ఉండేలా చూసుకోండి. నడి శీతాకాలపు చలి అప్పటికి మొదలుకాదు, ధ్రువ కాంతులు కనిపించే చీకటి మాత్రం ఉంటుంది.