శనివారం రూయిన్డ్ క్యాజిల్‌కి వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసి "అదేదో కొండల్లోకి పోతుందంట, అక్కడ పాములంటగా, నువ్వన్నా చెప్పవే" అని అరగంట నా బుర్ర తినేసింది. పైకి సర్దిచెప్పాను గానీ పేరు వినగానే నాకూ నిద్ర పట్టలేదు. బ్లూ మౌంటెన్స్‌లో కటూంబా దగ్గర రూయిన్డ్ క్యాజిల్, పేరుకే కోట, నిజానికి గట్టు మీది బండల గుట్ట! సిడ్నీ వచ్చి ఆరు నెలలు కాలేదు, లేడికి లేచిందే పరుగు. అయినా మన ఇంట్లో రాళ్ళెక్కే పిచ్చిది ఇంకొకతె ఉందని లోలోపల సంతోషమే.

పాముల సంగతి ఒక్క ముక్క: కాలిబాట వదలకు, రాతి సందుల్లో చూడకుండా చెయ్యి పెట్టకు. తడిగా ఉంటే జలగలుంటాయి, పొడుగు సాక్సు వేసుకో. నీళ్ళు మనిషికి 3 లీటర్లు. పులిహోర పట్టుకెళ్తావు, నాకు తెలుసు, దాంతో దాహం ఇంకా పెరుగుతుంది. దారి తెరిచే ఉందో లేదో ముందు రోజు నేషనల్ పార్క్ వెబ్‌సైట్‌లో చూడు. ఆ కొండల్లో పైన ఇసుకరాయి, దాని కింద మెత్తటి షేలు (బురద గట్టిపడి అయిన రాయి), బొగ్గు పొరలు. కిందది తొలిగిపోతే పైది కూలుతుంది. 1931లో విరిగిపడిన బండలు ఇప్పటికీ అక్కడే గుట్టగా పడి ఉన్నాయి.

ఇంకోటి, ఇది తిరగేసిన కొండ. ముందు గోల్డెన్ స్టెయిర్స్ దిగుతావు, కాళ్ళు అయిపోయాక అవే మెట్లు ఎక్కాలి. తిరుమల మెట్లెక్కాను కదా అని ధీమా పడకు, ఇక్కడ దారిలో సోడా అమ్మేవాళ్ళుండరు.

ఇక అసలు సంగతి. 2003 జూన్‌లో ఆఫీసు వాళ్ళిద్దరితో వెళ్ళాను. గట్టు మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఆ బండలు చూడగానే నాకు ఒళ్ళు తెలీలేదు. వాళ్ళు కింద తింటుంటే నేను ఫోటో కోసం ఒక బండ ఎక్కేశాను, నున్నగా అరిగిపోయిన జిమ్ బూట్లతో. పైన గాలి, చుట్టూ లోయ, ఎదురుగా మౌంట్ సాలిటరీ, నేనే మహారాణిని. ఫోటో అయింది, వెనక్కి తిరిగాను, ఎక్కినప్పుడు కాలు పెట్టిన చోటు కనపడలేదు. వెతుక్కుంటూ పాదం ఆనించిన ప్రతి చోటా రాయి పొడిపొడిగా రాలింది. అరచేతులకు బొంబాయి రవ్వలా ఇసుక, దాని కింద చెమట. పట్టు దొరకదు, అరిస్తే సిగ్గు. సిగ్గుతోనే పావుగంట పోయింది, చూడు నా తెలివి. చివరికి వాళ్ళలో ఒకతను వచ్చి నా మడమ పట్టుకుని ఒక్కో గుంటలో పెట్టి దింపాడు. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. మొత్తం గంట పైనే. జూన్ అంటే ఇక్కడ చలికాలం, అయిదింటికల్లా పొద్దు గుంకుతుంది, అడవిలో ఇంకా ముందే చీకటి. ముగ్గురికీ కలిపి ఒక చిన్న టార్చి. ఆ మెట్లు ఎలా ఎక్కామో ఆ దేవుడికే తెలియాలి. మీ బాబాయికి ట్రైన్ లేటని చెప్పాను, ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు. మీ అమ్మకైతే అసలు తెలీదు, తెలియనివ్వకు.

అందుకే చెప్తున్నా, వెధవ ఫోటో కోసం ఏ బండా ఎక్కొద్దు. ఎక్కుతావులే, నా పోలికేగా. అలాగైతే రెండడుగులు ఎక్కి, వెంటనే దిగి చూడు. దిగడం రాకపోతే అక్కడితో ఆపెయ్. ఇప్పుడూ జూనే, క్యాజిల్ చేరినా చేరకపోయినా ఒంటిగంటకి వెనక్కి తిరగండి. తలకి పెట్టుకునే లైటు తలా ఒకటి. ఫోన్ సిగ్నల్ నమ్ముకోకు, కటూంబా పోలీస్ స్టేషన్‌లో ఎమర్జెన్సీ బీకన్ (ఆపదలో మీట నొక్కితే మీరున్న చోటు శాటిలైట్ ద్వారా తెలిపే పరికరం) ఉచితంగా అరువిస్తారు, అడిగి తీసుకో.

కటూంబా రైల్వే స్టేషన్ నుంచి ఆ మెట్ల దగ్గరికి బస్సు లేదు, చివర్లో మట్టి రోడ్డు కూడా. పొద్దున బాబాయి దింపుతాడు. సాయంత్రం నాలుగింటికి ఫ్లాస్కులో టీ పోసుకుని మెట్ల పైన నేను కూర్చుంటా. నాలుగున్నర దాటిందో, ఈ మోకాళ్ళతోనే దిగుతాను, ఆ పాపం నీదే.

మీ పిన్ని